సైన్స్ ఫిక్షన్ సినిమాలో హీరో ప్రయాణాన్ని విప్పి చూడటం ఎలా? (స్టార్ వార్స్ 1977 పెట్టుకుని స్టెప్ బై స్టెప్)

హీరో ప్రయాణం (హీరోస్ జర్నీ, అంటే హీరో ఇల్లు వదిలి, మారి, తిరిగొచ్చే కథల మూస) అని నెట్‌లో కొడితే ఒక గుండ్రటి బొమ్మ వస్తుంది, చుట్టూ కథలోని మెట్ల పేర్లతో 12 గళ్ళు, పైన మామూలు లోకం, కింద కొత్త లోకం, మధ్యలో గీత. ఆ బొమ్మ పట్టుకుని కూర్చుంటే ఏ సినిమాకైనా పావుగంటలో టిక్కులు పెట్టేయొచ్చు. పిలుపు ఉందా, ఉంది. గురువు ఉన్నాడా, ఉన్నాడు. విలన్‌తో పోరు ఉందా, లేకుండా ఎలా ఉంటుంది. అన్నీ టిక్ అయిపోతాయి గానీ ఆ సినిమా మనల్ని ఎందుకు పట్టుకుందో, అవే గళ్ళున్న ఇంకో సినిమా ఎందుకు తేలిపోయిందో మాత్రం చివరికీ తెలీదు.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో గళ్ళ పేర్లకి అంత ఇంపార్టెన్స్ ఇవ్వను. ప్రతి మలుపు దగ్గరా రెండే ప్రశ్నలు అడుగుతాం: ఇక్కడ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, దానికి వాళ్ళకి ఏం పోయింది. ఈ రెండిటికీ జవాబు దొరికిన చోటే అసలు మెట్టు, దొరకని చోట ఉన్నది ఉత్త పేరు. ఇది నేను గట్టిగా నమ్మే మాట, కింద ఉన్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకి జార్జ్ లూకస్ తీసిన మొదటి స్టార్ వార్స్, 1977ది తీసుకుంటున్నా. ఇంకా చూడకపోతే ముందు చూసి రండి, కథంతా చెప్పేయబోతున్నా.

స్టెప్ 1: ఈ ప్యాటర్న్ ఎక్కడిదో కాస్త తెలుసుకోండి

జోసెఫ్ క్యాంప్‌బెల్ అని అమెరికాలో పురాణాల మీద పనిచేసిన ప్రొఫెసర్, 1949లో "ద హీరో విత్ ఎ థౌజండ్ ఫేసెస్" అని పుస్తకం రాశాడు. రకరకాల దేశాల పురాణాలు, జానపద కథలు, బుద్ధుడి కథ, క్రీస్తు కథ, గ్రీకు కథలు అన్నీ పక్కపక్కన పెట్టి వీటన్నిటికీ లోపల ఒకటే అస్థిపంజరం ఉందన్నాడు. ఇల్లు వదిలి వెళ్ళడం, అక్కడ మారిపోవడం, ఏదో ఒకటి పట్టుకుని తిరిగి రావడం. ఈ మూడు భాగాల్లో మొత్తం 17 మెట్లు లెక్కపెట్టాడు. తర్వాత 1980ల్లో హాలీవుడ్‌లో స్క్రిప్టులు చదివే పని చేసే క్రిస్టఫర్ వోగ్లర్ దాన్ని స్టూడియోవాళ్ళకి అర్థమయ్యేలా కొన్ని పేజీల మెమోగా కుదించాడు, 1992లో అదే పుస్తకంగా పెంచాడు, 12 గళ్ళ బొమ్మ ఆయన లెక్క నుంచే వచ్చింది. అంటే మనం రోజూ చూసే బొమ్మ పురాణాల నుంచి నేరుగా వచ్చింది కాదు, సినిమా ఆఫీసుల మీదుగా వచ్చింది.

మన వైపు నుంచి ఒక చిన్న దారం కూడా ఉంది ఇందులో. 1924లో కుర్రాడిగా యూరప్ వెళ్ళి ఓడలో తిరిగొస్తున్నప్పుడు క్యాంప్‌బెల్‌కి జిడ్డు కృష్ణమూర్తి పరిచయమయ్యారు, మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తే. భారతీయ తత్వం మీద క్యాంప్‌బెల్‌కి ఆసక్తి మొదలైంది ఆ ఓడ మీది మాటలతోనే అంటారు. ఆ పుస్తకంలో బుద్ధుడి కథ అంత చోటు ఎందుకు తీసుకుందో చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే బావుంటుంది.

స్టార్ వార్స్ కథ మళ్ళీ మళ్ళీ తిరగరాస్తున్న టైంలో క్యాంప్‌బెల్ పుస్తకం తనకి దారి చూపించిందని లూకస్ తనే చెప్పాడు, అందుకే ఈ సినిమాని ఎంచుకున్నా. ఇక్కడ ప్యాటర్న్ మనం బలవంతంగా అతికిస్తున్నది కాదు, రాసినవాడి టేబుల్ మీద ఉన్నదే. అయినా సరే సినిమా దాన్ని ఎన్ని చోట్ల వదిలేసిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, ఆ చోట్లే మనకి కావాలి.

స్టెప్ 2: నోట్‌బుక్ తీసి నాలుగు కాలమ్స్ గీయండి

టైమ్, ఏం జరిగింది, ఎవరు నిర్ణయించారు, ఏం పోయింది. అంతే. మెట్ల పేర్లకి కాలమ్ పెట్టకండి, పెడితే మీ కళ్ళు ఆ పేర్లనే వెతుకుతాయి. పేర్లు ఆఖర్లో పెన్సిల్‌తో రాసుకోవచ్చు.

మొదటిసారి నోట్‌బుక్ ముట్టుకోకుండా, పాజ్ కొట్టకుండా, ఫోన్ పక్కన పడేసి మొత్తం చూడండి, రెండు గంటల సినిమానే. రెండోసారి చూసేటప్పుడు రాయండి. ఇంకో విషయం, ఇప్పుడు మనకి దొరికే కాపీ 1977లో థియేటర్లో ఆడింది కాదు, 1997లో లూకస్ కొత్త షాట్లు, కొన్ని సీన్లు కలిపి మళ్ళీ రిలీజ్ చేశాడు, తర్వాత కూడా మార్పులు చేశాడు. కాబట్టి నేను చెప్పే నిమిషాలు మీ కాపీలో ఒకటి రెండు అటూ ఇటూ ఉంటాయి, కంగారు పడొద్దు.

స్టెప్ 3: హీరో ఎప్పుడొస్తాడో టైమ్ నోట్ చేయండి

మన సినిమాల్లో హీరో ఎంట్రీ అంటే ఒక పండగ కదా, కాలు చూపించి, చెయ్యి చూపించి, అప్పుడు మొహం. ఇక్కడ ల్యూక్ దాదాపు 17 నిమిషాల దగ్గర వస్తాడు, అదీ ఎలా, అత్తయ్య పిలిస్తే పరిగెత్తుకొచ్చి, మామయ్యకి డ్రాయిడ్ ఎలాంటిది కొనాలో గుర్తుచేయమని చెప్పే మాట వినడానికి. డ్రాయిడ్లంటే రోబోలు. అప్పటిదాకా సినిమా మొత్తం రెండు రోబోల మీదే నడుస్తుంది, పొట్టి ఆర్‌టూ, బంగారు రంగు త్రీపీఓ. కథని ఇలా అందరికంటే కింద ఉన్న ఇద్దరి కళ్ళతో మొదలుపెట్టే పద్ధతిని లూకస్ జపాన్ డైరెక్టర్ కురోసావా 1958లో తీసిన "ద హిడెన్ ఫోర్ట్రెస్" నుంచి తీసుకున్నాడు, అక్కడ ఇద్దరు పేద రైతులు, ఇక్కడ ఇద్దరు రోబోలు.

దీన్నిబట్టి మీరు రాసుకోవాల్సింది ఏంటంటే, 12 గళ్ళ బొమ్మ మామూలు లోకంతో మొదలవ్వమంటుంది గానీ ఈ సినిమా కొత్త లోకంతో మొదలైంది. యుద్ధం, పెద్ద ఓడ, నల్ల డ్రెస్ విలన్ వేడర్, అన్నీ ముందే చూపించేసి ఆ తర్వాత తీసుకెళ్ళి ఒక ఎడారి ఇంట్లో పడేసింది. సైన్స్ ఫిక్షన్‌కి ఇది చాలా అవసరం. ల్యూక్‌కి మామూలు లోకం అంటే రెండు సూర్యుళ్ళున్న గ్రహం, గాల్లో తేమ పట్టి నీళ్ళు తీసే వ్యవసాయం, అది మనకి మామూలు కాదు. మరి మనకి అది మామూలుగా ఎప్పుడు అనిపిస్తుంది? భోజనం టేబుల్ దగ్గర. అక్కడ పాజ్ చేయండి.

ఆ సీన్‌లో ల్యూక్ ఈ సంవత్సరమే అకాడమీకి వెళ్తానంటాడు, మామయ్య ఓవెన్ ఇంకో సీజన్ ఆగమంటాడు, పంట టైమ్‌లో నువ్వు లేకపోతే ఎలా అంటాడు. ల్యూక్ ప్లేటు వదిలేసి లేచి వెళ్ళిపోతాడు. అత్తయ్య బెరూ వాడిని ఎల్లకాలం ఇక్కడ కట్టిపడేయలేవు, వాడిలో తండ్రి పోలిక చాలా ఉందంటుంది, ఓవెన్ నా భయమే అది అంటాడు. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ వెళ్తానన్నవాడికి ఈ ఏడు పొలం చూసుకో, వచ్చే ఏడు చూద్దాం అన్న ఇల్లు మనకి తెలీదా ఏంటి. గ్రహం పరాయిది, టేబుల్ మనది. ఆ వెంటనే ల్యూక్ బయటికొచ్చి రెండు సూర్యుళ్ళు దిగిపోతుంటే చూస్తూ నిలబడతాడు, మాట లేదు, జాన్ విలియమ్స్ మ్యూజిక్ ఒక్కటే.

మీ మూడో కాలమ్‌లో ఇక్కడ రాయాల్సింది "ఓవెన్ నిర్ణయించాడు" అని. ల్యూక్ ఇంకా ఏమీ నిర్ణయించలేదు.

స్టెప్ 4: పిలుపు, కాదనడం రెండిటినీ ఒకే సీన్‌లో వెతకండి

తప్పిపోయిన ఆర్‌టూ కోసం వెళ్ళి, ఎడారి మనుషుల చేతిలో దెబ్బతిని, ఒబీ-వాన్ కెనోబీ అనే ముసలాయన కాపాడితే ఆయన గుడిసెలో కూర్చుంటాడు ల్యూక్. అక్కడ ఒక్క సీన్‌లో ఎన్ని పడ్డాయో చూడండి. తండ్రి ఎవరో తెలిసింది, తండ్రి కత్తి చేతికొచ్చింది, అదే ఆ కాంతి కత్తి, ఫోర్స్ అనే కనిపించని శక్తి అంటే ఏంటో చెప్పాడు, రాజకుమారి లేయా మెసేజ్ కనిపించింది, నాతో ఆమె గ్రహం ఆల్డెరాన్‌కి రా అన్నాడు. ల్యూక్ జవాబు ఏంటి? ఇంటికెళ్ళాలి, లేటయింది, ఇప్పటికే తిట్లు పడతాయి, కావాలంటే పక్క ఊరిదాకా దింపుతా అంటాడు.

చాలామంది దీన్ని కాదనడం అని టిక్ పెట్టి ముందుకెళ్ళిపోతారు. కాస్త ఆగండి. రాత్రేగా రెండు సూర్యుళ్ళని చూస్తూ వెళ్ళిపోవాలని తపించినవాడు, వెళ్ళే దారి ఎదురుగా వస్తే మామయ్య మాటలే తిరిగి చెప్తున్నాడు. పిలుపు బయట నుంచే వచ్చింది గానీ కాదన్నది లోపలున్న ఇల్లు. కాదనడం పనిచేయాలంటే హీరో పిరికివాడవ్వక్కర్లేదు, వదల్లేనిది ఒకటి ఉండాలి. ఆ వదల్లేనిది ఏంటో మీకు ముందే చూపించని సినిమాలో ఈ మెట్టు ఉన్నా లేనట్టే.

తర్వాత ఏమవుతుంది, ఇల్లు తగలబడిపోయి ఉంటుంది, గుమ్మం ముందు ఇద్దరి కాలిన అస్థిపంజరాలు. ల్యూక్ తిరిగొచ్చి ఇక్కడ నాకింకేం లేదు, మీతో వస్తా, ఫోర్స్ నేర్చుకుంటా, మా నాన్నలా జెడై యోధుణ్ణి అవుతా అంటాడు.

నాలుగో కాలమ్‌లో "ఇల్లు, అత్తయ్య, మామయ్య" అని రాస్తారు, సరే. మూడో కాలమ్‌లో ఏం రాస్తారు? ఎంపైర్ (విలన్ల సామ్రాజ్యం) సైనికులు నిర్ణయించారు. ల్యూక్ వస్తానన్నాడు కానీ వెళ్ళక తప్పని పరిస్థితిలో అన్నాడు. ఇది బలహీనమైన చోటు అని నేననుకుంటా, చాలా సైన్స్ ఫిక్షన్ సినిమాలు దీన్నే కాపీ కొట్టి హీరో ఊరిని తగలబెట్టి పంపించేస్తాయి, హీరో ఎంచుకునే అవసరమే రాదు. అయితే ఈ సినిమా ఆ అప్పు తర్వాత తీరుస్తుంది, ఎక్కడో చూద్దాం.

స్టెప్ 5: గడప దాటింది ఎక్కడో వెంటనే తేల్చేయకండి

మామూలు లోకం నుంచి కొత్త లోకంలోకి దాటే గడప ఎక్కడ అని అడిగితే ఎక్కువమంది మోస్ ఐస్లీ అనే ఊళ్ళో ఉన్న బార్ అంటారు. వింత జీవాలు, వింత మ్యూజిక్, డ్రాయిడ్లని లోపలికి రానివ్వరు, ఒకడు ల్యూక్ మీదకొస్తే ఒబీ-వాన్ వాడి చెయ్యి నరుకుతాడు. కొత్త లోకం అని కనిపించడానికి బానే ఉంది. మన రెండు ప్రశ్నలు అడగండి మరి, ల్యూక్ ఏం నిర్ణయించాడు, ఏం పోయింది?

పోయింది ఒకటి ఉంది, చాలామంది దాన్ని దాటేసి వెళ్తారు. వాళ్ళని తన ఓడలో తీసుకెళ్ళడానికి పైలట్ హాన్ సోలోకి బేరం 17,000, అందులో 2,000 అడ్వాన్స్, మిగతాది ఆల్డెరాన్ చేరాక. ఆ 2,000 కోసం ల్యూక్ తన స్పీడర్ అమ్మేస్తాడు, నేలకి జానెడు ఎత్తులో తేలుతూ పోయే ఆ బండి. కొత్త మోడల్ వచ్చాక దీనికి గిరాకీ లేదంటున్నారని గొణుక్కుంటాడు కూడా. రెండు ముక్కల డైలాగ్ అంతే. ఎడారిలో ఆ బండి లేకపోతే ఇంటికి తిరిగి వెళ్ళలేరు. ఇల్లు వేరేవాళ్ళు తగలబెట్టారు, బండి మాత్రం తనే అమ్ముకున్నాడు. మీ నోట్‌బుక్‌లో మూడో కాలమ్‌లో ల్యూక్ పేరు మొదటిసారి పడేది ఇక్కడ.

ఇంకో గడప ఉంది, నా లెక్కలో అదే అసలుది. డెత్ స్టార్ అంటే ఎంపైర్ యుద్ధ స్టేషన్, అందులో ఒబీ-వాన్ ఒంటరిగా, తమ ఓడని లాగి పట్టి ఉంచిన ట్రాక్టర్ బీమ్ ఆపడానికి వెళ్తూ ల్యూక్‌ని ఇక్కడే ఉండి డ్రాయిడ్లని చూసుకో అంటాడు. ఆయన అటు వెళ్ళగానే లేయా ఇక్కడే ఖైదీగా ఉందని, చంపబోతున్నారని ఆర్‌టూ కనిపెడుతుంది. గురువు ఉండమన్నాడు, హాన్ నాకెందుకు అంటున్నాడు, ల్యూక్ ఒక్కడే వెళ్దాం అంటాడు. హాన్‌ని ఒప్పించడానికి ఆమె బాగా డబ్బున్నది అంటాడు చూడండి, ఆ నిమిషంలో పల్లెటూరి పిల్లాడు పోయి వేరే మనిషి కనిపిస్తాడు. పిలుపు అప్పుడెప్పుడో గుడిసెలో వచ్చింది, దానికి నిజంగా సరే అన్నది ఇక్కడ. ఇంతకు ముందు చెప్పిన అప్పు ఇక్కడ తీరింది.

ఈ సీన్ 12 గళ్ళ బొమ్మలో పరీక్షలు అనే గంపలో కలిసిపోతుంది. ఎవరు నిర్ణయించారు అని అడిగితేనే పైకి తేలుతుంది.

స్టెప్ 6: ఆ లోకం రూల్ ఏంటో, దాన్ని ఎప్పుడు నేర్పారో వెతకండి

సైన్స్ ఫిక్షన్‌కి మాత్రమే ఉన్న పని ఇది. జానపదంలో మంత్రం అంటే మనం అడక్కుండా నమ్మేస్తాం, సైన్స్ ఫిక్షన్‌లో ప్రేక్షకుడు ఇది ఎలా పనిచేస్తుంది అని అడుగుతూనే ఉంటాడు. రూల్ క్లైమాక్స్‌లో కొత్తగా పుడితే హీరో గెలిచినా మనకి ఎక్కదు.

హాన్ ఓడ ఫాల్కన్‌లో ల్యూక్ కత్తి ప్రాక్టీస్ చేసే సీన్‌కి వెళ్ళండి. చిన్న బంతి లాంటిది గాల్లో తేలుతూ కాలుస్తుంటుంది, ల్యూక్‌కి తగులుతుంది, హాన్ నవ్వుతాడు, ఈ పాత మతాలు మంచి తుపాకీ ముందు పనికిరావంటాడు. అప్పుడు ఒబీ-వాన్ హెల్మెట్ తెచ్చి ల్యూక్ తలకి పెట్టి కళ్ళకి అడ్డంగా రేకు దించేస్తాడు. కనపడకపోతే ఎలా పోరాడాలి అంటే, కళ్ళు మోసం చేస్తాయి, నమ్మకు అంటాడు. ఒక దెబ్బ తగులుతుంది, ఆ తర్వాత వరసగా అడ్డుకుంటాడు. సీన్ మొత్తం రెండు మూడు నిమిషాలు.

దీన్ని నోట్‌బుక్‌లో పెద్దగా రాసి గడి గీసి పెట్టుకోండి, స్టెప్ 8లో కావాలి. రూల్ ఒక్కటే: పరికరం పక్కన పెడితేనే ఫోర్స్ పనిచేస్తుంది. దానికి ఎదురు నిలబడిన విలన్ ఇల్లేమో ఒక చిన్న చందమామంత పరికరం. ఇక్కడే ప్యాటర్న్, సైన్స్ ఫిక్షన్ రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కత్తి తీసేసి విల్లు పెట్టినా నడిచే కథ కాదు ఇది, మెషీన్‌ని నమ్మాలా వద్దా అన్న ప్రశ్న లేకపోతే ల్యూక్ మారడానికి ఏమీ ఉండదు. మీరు ఏ సైన్స్ ఫిక్షన్ సినిమా తీసుకున్నా ఈ టెస్ట్ పెట్టండి, టెక్నాలజీ తీసేస్తే హీరో మార్పు అలాగే మిగిలి ఉంటే అక్కడ సైన్స్ ఫిక్షన్ డెకరేషన్ మాత్రమే.

ఈ ప్రాక్టీస్ సీన్‌కి కొంచెం ముందే, దాదాపు గంట దగ్గర, ఆల్డెరాన్ గ్రహం పేలిపోతుంది. మనకైతే ఇంటర్వెల్ కార్డు అక్కడ పడేది. హాలీవుడ్‌లో ఇంటర్వెల్ లేకపోయినా ఆ జాగా మాత్రం ఉంది, ఇకపై కథ వెనక్కి వెళ్ళలేదు, వాళ్ళు వెళ్తున్న ఊరే లేదు.

స్టెప్ 7: అడుగుకి వెళ్ళిన చోటు, పోయిన మనిషి

తిమింగలం కడుపు అనే మెట్టు క్యాంప్‌బెల్ దగ్గర ఉంది, హీరోని ఏదో మింగేస్తుంది, చచ్చాడనుకుంటారు. ఇక్కడ చెత్త నలిపే గది. గోడలు రెండు వైపుల నుంచి దగ్గరికొస్తుంటాయి, నీళ్ళలో ఏదో జంతువు ల్యూక్‌ని లోపలికి లాగుతుంది. బిల్ మోయర్స్ అనే జర్నలిస్టుతో క్యాంప్‌బెల్ చేసిన టీవీ ఇంటర్వ్యూల్లో ఈ సీన్‌నే తిమింగలం కడుపుగా మాట్లాడుకున్నారు, ఆ ఇంటర్వ్యూల్లో చాలా భాగం లూకస్ రాంచ్‌లోనే తీశారు, 1988లో టీవీలో వచ్చాయి, అప్పటికే క్యాంప్‌బెల్ చనిపోయారు. దీని మీద ఇంతకంటే టైమ్ పెట్టక్కర్లేదు.

టైమ్ పెట్టాల్సింది ఒబీ-వాన్ చావు మీద. వేడర్‌తో పోరాడుతూ ల్యూక్ చూస్తున్నాడని గమనించి, చిన్నగా నవ్వి, కత్తి ఎత్తి నిలబడిపోతాడు, అడ్డుకోడు. మూడో కాలమ్: ఒబీ-వాన్. తనే నిర్ణయించాడు. స్క్రిప్టులో ముందు ఈ చావు లేదు, షూటింగ్ టైమ్‌కి వచ్చాకే మార్చారు, ఎందుకంటే డెత్ స్టార్ నుంచి అందరూ క్షేమంగా బయటపడితే ఏమీ పోలేదన్నట్టు ఉంటుంది, ఆ తర్వాత ముసలాయనకి చేయడానికి పనీ ఉండదు. నాలుగో కాలమ్ ఖాళీగా ఉందని రాసేవాళ్ళకే తెలిసిందన్నమాట.

ఇప్పుడు ఫాల్కన్‌లోకి వచ్చాక సీన్ చూడండి. ల్యూక్ తల వంచుకుని కూర్చుంటే లేయా వచ్చి భుజాల మీద దుప్పటి కప్పి ఓదారుస్తుంది. బావుంది. మీ నోట్‌బుక్ మాత్రం వెనక్కి తిప్పండి. లేయాకి ఏం పోయింది? గ్రహం. తండ్రి, ఊరు, భాష మాట్లాడే మనుషులు, అందరూ. అదీ కళ్ళెదురుగా, పట్టుకుని నిలబెట్టి చూపించారు. ఆమె ఏడవడానికి సినిమా ఒక్క నిమిషం ఇవ్వలేదు, రెండు మూడు రోజుల పరిచయమున్న గురువు కోసం ఏడుస్తున్న అబ్బాయికి ఆమె దుప్పటి కప్పాలి.

ఇది చూశాక నాకు ఈ సినిమా మీద ఇష్టం తగ్గలేదు గానీ ఈ ప్యాటర్న్ మీద ఒక అనుమానం గట్టిగా పడింది. ఒకడి ప్రయాణం చుట్టూ కథ కట్టినప్పుడు పక్కవాళ్ళ నష్టాలు వాడి మెట్లకి మెటీరియల్ అయిపోతాయి. మౌరీన్ మర్డాక్ 1990లో ఆడవాళ్ళ ప్రయాణం వేరేగా ఉంటుందని ఒక పుస్తకమే రాసింది. మీరు ఏ సినిమా చూసినా అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఎవరు అని ఒక లైన్ విడిగా రాయండి. చాలాసార్లు అది హీరో అవ్వడు.

స్టెప్ 8: క్లైమాక్స్‌ని ముందు నుంచి కాదు, వెనక నుంచి చదవండి

డెత్ స్టార్ మీద రెండు మీటర్ల వెడల్పున్న రంధ్రం, అందులో టార్పెడో పడాలి. కంప్యూటర్‌కి కూడా అసాధ్యం అని ఒక పైలట్ అంటాడు, ల్యూక్ మా ఊళ్ళో ఇంచుమించు ఇంతే ఉండే ఎలుకల్లాంటి వాటిని కొట్టేవాణ్ణి అంటాడు. ఇల్లు మళ్ళీ వచ్చింది చూశారా, పోయిన ఊరు చేతిలో పనితనంగా మిగిలింది.

అసలు నిమిషం ఆ రంధ్రం దగ్గరికి వెళ్ళే ట్రెంచ్‌లో, అంటే లోతైన కందకంలో. మిగతావాళ్ళు పోయారు, చిన్ననాటి ఫ్రెండ్ బిగ్స్ కూడా పోయాడు, వేడర్ వెనకాలే ఉన్నాడు. ఒబీ-వాన్ గొంతు వినపడుతుంది. ల్యూక్ కళ్ళ ముందున్న టార్గెటింగ్ కంప్యూటర్‌ని పక్కకి తోసేస్తాడు. బేస్ నుంచి కంప్యూటర్ ఆఫ్ అయింది, ఏమైంది అని అడుగుతారు, ఏం లేదు, బానే ఉన్నా అంటాడు.

ఇప్పుడు స్టెప్ 6లో గడి గీసి పెట్టుకున్నది తీయండి. హెల్మెట్ రేకు, కంప్యూటర్ తెర. ఓడలో రేకు గురువు దించాడు, ఇక్కడ తెర శిష్యుడు తోశాడు. మూడో కాలమ్‌లో పేరు మారింది, అంతే తేడా, సినిమా అంతా ఆ తేడా కోసమే. ఇక్కడ వినపడిన గొంతు బలవంతం చేసిందనుకోవద్దు, తప్పితే గెలాక్సీ పోతుందని తెలిసి తోసింది ఇతనే.

ఇలా చదవడం అలవాటు చేసుకోండి: క్లైమాక్స్‌లో హీరో చేసిన ఒక్క పని ఏంటో తీసుకుని, అదే పని ముందు ఎక్కడ చిన్నగా జరిగిందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళండి. దొరికితే మధ్యలో ఉన్న దారంతా హీరో ప్రయాణమే, గళ్ళ పేర్లు తెలీకపోయినా పర్లేదు.

స్టెప్ 9: తిరిగి రావడం కుదరకపోతే వేరేవాడి మీద పెట్టి చూడండి

17 మెట్లలో ఆరు తిరుగు ప్రయాణానివే. 1977 సినిమాలో ల్యూక్ ఇంటికి వెళ్ళడు, వెళ్ళడానికి ఇల్లు లేదు. చివర్లో మెడల్స్ ఇస్తారు, అయిపోయింది. కొందరు ఆ మెడల్‌నే అమృతం (హీరో పట్టుకుని తిరిగొచ్చేది) అని అతికిస్తారు, వద్దు. కుదరట్లేదని రాసుకుని, అదే ప్యాటర్న్‌ని హాన్ సోలో మీద పెట్టండి.

వాడి మామూలు లోకం అప్పులు, జబ్బా అనే గ్యాంగ్ లీడర్‌కి బాకీ. పిలుపు వచ్చింది, డబ్బు కోసమే ఒప్పుకున్నాడు, అంటే కాదన్నట్టే. చివరి యుద్ధానికి ముందు డబ్బు పెట్టెలు ఎక్కించుకుని వెళ్ళిపోతుంటే ల్యూక్ నీ సంగతి నువ్వు చూసుకో, నీకు బాగా వచ్చింది అదేగా అని దెప్పుతాడు. ఎవరూ వాడి ఇల్లు తగలబెట్టలేదు, ఎవరూ వెనక్కి రమ్మని బతిమాలలేదు. తిరిగొచ్చాడు, వేడర్‌ని పక్కకి విసిరేశాడు. ఎవరు నిర్ణయించారు, హాన్. ఏం పోయింది, బాకీ తీర్చుకునే టైమ్, తర్వాతి సినిమాల్లో ఆ బాకీకి ఎంత కట్టాడో మీకు తెలుసు. సినిమాలో అందరికంటే శుభ్రంగా కాదనడం, తిరిగి రావడం రెండూ ఉన్నది వీడికి. ఒక ప్యాటర్న్‌ని ఇద్దరి మధ్య పంచారు, ఆ ఫాల్కన్ సూర్యుడి వైపు నుంచి దూసుకొచ్చినప్పుడు థియేటర్లో ఈలలు పడేది అందుకే.

స్టెప్ 10: ఇప్పుడు పెన్సిల్‌తో పేర్లు రాసి, తర్వాత ఇంకో సినిమాకి వెళ్ళండి

ఇప్పుడు 12 గళ్ళ బొమ్మ తెచ్చుకోండి. మీ నోట్‌బుక్‌లో మూడు, నాలుగు కాలమ్స్ రెండూ నిండిన లైన్ల పక్కనే పేర్లు రాయండి. కొన్ని గళ్ళు ఖాళీగా ఉంటాయి, అలాగే వదిలేయండి. కొన్ని లైన్లకి బొమ్మలో పేరు దొరకదు, స్పీడర్ అమ్మడం లాంటివి, వాటికి మీరే పేరు పెట్టుకోండి.

రెండో సినిమాకి మన ఆదిత్య 369 తీసుకోమంటాను, సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసింది, టైమ్ మెషీన్ ఎక్కి 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి, అక్కడి నుంచి 2504కి వెళ్ళి వస్తారు. క్యాంప్‌బెల్ పుస్తకం పక్కన పెట్టుకుని రాసిన కథ కాదు కాబట్టి ప్యాటర్న్‌కి ఇది మంచి పరీక్ష. స్టార్ వార్స్‌లో దొరకని తిరుగు ప్రయాణం ఇందులో ఖచ్చితంగా ఉంది. కానీ గడప దగ్గర కాస్త జాగ్రత్తగా చూడండి, హీరో వెళ్ళాలని వెళ్ళాడా, మెషీన్ తీసుకెళ్ళిపోయిందా? మెషీన్ తీసుకెళ్తే మరి హీరో నిజంగా సరే అన్న సీన్ ఏది, రాయల కాలంలోనా, భవిష్యత్తులోనా, లేక తిరిగొచ్చి విలన్ ఎదురుపడ్డాకా? మూడో కాలమ్‌లో హీరో కృష్ణకుమార్ పేరు మొదటిసారి ఎక్కడ పడిందో ఆ నిమిషం రాసుకుని, స్టార్ వార్స్‌లో స్పీడర్ అమ్మిన నిమిషం పక్కన పెట్టి చూడండి.